పగ్గం ఎప్పుడు వదలాల

శ్రోతలందరికీ నమస్కారం.

మొన్న తిరుపతిలో మా వీధిలో పెళ్ళి ఊరేగింపు పోతా ఉంటే గేటు దగ్గర నిలబడి చూస్తా ఉన్నా. తెల్లగుర్రం, పైన పెళ్ళికొడుకు, ముందర బ్యాండు, టపాకాయలు. మా ఇంటి ముందర నీళ్ళ పైపు కోసం తవ్విన గుంత మీద ఇనప రేకు కప్పి ఉంది, ఆ రేకు దగ్గరికొచ్చి గుర్రం టక్కున ఆగిపోయింది. పట్టుకున్న పిల్లోడు పగ్గం కిందికి లాగతా ఉన్నాడు, అది తల పైకెత్తతా ఉంది, వాడు ఇంకా లాగినాడు, అది ఇంకా ఎత్తింది. "మొండి గుర్రం" అన్నారు పక్కన ఎవురో. నాకు మాత్రం దాని కన్ను కనపడతా ఉంది, నల్లగుడ్డు పక్కన తెల్లగా, తోక కాళ్ళ మధ్యకి బిగబట్టుకోని. మొండితనం కాదప్పా అది, భయం.

అప్పుడు నాకు చిత్తూరులో మా సాయిబు తాత గుర్తుకొచ్చినాడు. మా వీధి చివర ఉండేవాడు, జట్కా బండి తోలేవాడు. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. ఆయన ముసలి గుర్రం పోయినాక ఒక చిన్న గోధుమరంగు ఆడగుర్రాన్ని తెచ్చుకున్నాడు. వాళ్ళ ఇంటికి పోవాలంటే కాలవ దాటాల, కాలవ మీద రెండు కడప బండలు వేసి ఉంటారు. వాన పడిందంటే ఆ బండలు అద్దం మాదిరి మెరుస్తాయి. గుర్రం బండ దాకా వస్తుంది, ఆగిపోతుంది. వెనక నించి ఒకాయన తోలమంటాడు, ఇంకొకాయన చెర్నాకోల తీయమంటాడు. తాత ఏం చేసినాడంటే, బండి విప్పేసి పక్కన పెట్టి, గుర్రాన్ని ఒట్టి తాడుతో తెచ్చి బండ ముందర నిలబెట్టి, తాడు వదులు చేసినాడు. అంతే. నిలబడినాడు.

గుర్రం తల వంచింది. బండని వాసన చూసింది, ముక్కుతో బుస్సుమని ఊదింది. నేను "తాతా, లాగొచ్చు కదా" అంటే "దాన్ని చూసుకోనీరా, తొందరేముంది" అన్నాడు. ఆ మాటకి అర్థం నాకు చానా ఏళ్ళకి గానీ తెలీలేదు. గుర్రానికి కండ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, చుట్టూ దాదాపు 350 డిగ్రీలు కనపడతాది గానీ సరిగ్గా నుదురు ముందర, తోక వెనక కనపడదు, ముక్కు కింద ఉండేది కూడా కనపడదు. దగ్గర నేల మీద ఏముందో తెలుసుకోవాలంటే అది తలకాయ వంచాల్సిందే. మనం ఏం చేస్తాం? సరిగ్గా అప్పుడే పగ్గం బిగబడతాం. అది చూసుకోవడానికి లేకుండా చేసి, చూడకుండానే దాటమంటాం.

తాత తాడు కొంచెం బిగించేవాడు, రమ్మన్నట్టు. గుర్రం ముందుకి ఒక్క వేలెడు వాలిందంటే చాలు, ఆ సెకనులోనే వదిలేసేవాడు. కాలు ఎత్తిందా, వదులు. బండ మీద గిట్ట ఆనించిందా, పూర్తిగా వదులు, ఇంక అడగడు, మెడ వీపు కలిసే చోట గోళ్ళతో గోకతా నిలబడేవాడు. గుర్రాలు ఒకదానికొకటి పళ్ళతో గోక్కునేది కూడా అక్కడే, అక్కడ గోకితే వాటి గుండె నిమ్మళిస్తుందని తర్వాత కొలిచి చూసినారు కూడా. మొదటి రోజు ఒక్క కాలు పెట్టింది, అంతటితో ఇంటికి వేరే దోవలో తీసుకుపోయినాడు. మూడోనాడు సాయంత్రం తనే దాటింది, నేను అరుగు మీద కూచోని చూసినా.

నేను ఈరోజు చెప్పాలనుకుంది ఈ వదలడం గురించే. గుర్రం నేర్చుకునేది లాగినప్పుడు కాదు, వదిలినప్పుడు. లాగడం అడగడం మాత్రమే, "ఇదే నేను అడిగింది" అని దానికి తెలిసేది తాడు వదులైన క్షణంలో. అది వెనక్కి పోయినప్పుడు విసుగొచ్చి వదిలేసినామనుకోండి, వెనక్కి పోతే వదులుతారని నేర్చుకుంటాది. తప్పు దానిది కాదు.

మన చేతినే కాదు, మన ఒళ్ళంతా చదువుతాది. బెర్లిన్‌లో హాన్స్ అని ఒక గుర్రం ఉండేది, లెక్కలు అడిగితే గిట్టతో కొట్టి జవాబు చెప్పేదని ఊరంతా పేరు. 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే ఆయన పరీక్ష పెట్టి చూస్తే తేలిందేమంటే, అడిగే మనిషికి జవాబు తెలియకపోతే దానికీ తెలీదు. సరైన అంకె దగ్గరికొచ్చేసరికి అడిగేవాళ్ళ తల వాళ్ళకే తెలీకుండా రవ్వంత పైకి లేస్తా ఉంది, గుర్రం అది చూసి ఆపేస్తా ఉంది. దానికి లెక్కలు రావని కొందరు తీసిపారేసినారు. నాకైతే అదే గొప్పగా అనిపిస్తాది, మనకే తెలీని మన కదలిక దానికి తెలిసింది. 2016లో ఇంగ్లండులో సస్సెక్స్ యూనివర్సిటీ వాళ్ళు కోపంగా ఉన్న మొహాల ఫొటోలు చూపిస్తే గుర్రాలు ఎక్కువగా ఎడమ కంటితో చూసినాయి, భయపెట్టేదాన్ని అవి ఆ కంటితోనే చూసేది ఎక్కువ, గుండె వేగం కూడా పెరిగింది. ఒట్టి ఫొటోకే అట్లయితే, చెర్నాకోల పట్టుకోని అరిచే మనిషికి ఎట్లుంటాదో ఆలోచించండి.

బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందర ఏనుగులతో పాటు గుర్రాలు కూడా నడుస్తాయి, ఎన్ని డప్పులు, ఎంత జనం. అంత సద్దులో నిమ్మళంగా నడవడం ఏ గుర్రానికైనా పుట్టుకతో రాదు, కొంచెం కొంచెంగా అలవాటు కావాల్సిందే. అట్లని కదలకుండా నిలబడిన ప్రతి గుర్రం నిమ్మళంగా ఉందని కూడా అనుకోవద్దు, కొన్ని ఇంక లాభం లేదని ఊరకుండిపోతాయి. చెవులు చూడండి, కన్ను చూడండి, మూతి బిగబట్టిందా వదులుగా ఉందా చూడండి.

ఆ రోజు ఊరేగింపులో ఉండబట్టలేక పోయి ఆ పిల్లోడితో "నాయనా, రెండు జానలు వదులు" అన్నా. "వదిలితే పారిపోదా సామీ?" అన్నాడు. "చేతిలోనే పట్టుకో, వదులుగా పట్టుకో" అన్నా, టపాకాయలు కూడా రెండు నిమిషాలు ఆపమని పెళ్ళోళ్ళని అడిగినా. వాడు వదిలినాడు. గుర్రం తల దించి రేకు వాసన చూసింది. ఒక కాలు పెట్టింది, టంగ్‌మని మోగేసరికి తీసేసింది. పిల్లోడు నా వైపు చూసినాడు, లాగలేదు. బ్యాండోళ్ళు అప్పటికే మలుపు తిరిగి పోయినారు. మళ్ళీ అదే కాలు పెట్టింది.