లినెన్ డ్రెస్ పాటర్న్ రివ్యూ: బిగినర్స్‌కి అన్నారు, నిజంగా బిగినర్స్‌కేనా?

నమస్తే అండీ. ఇప్పుడు నేను వేసుకున్న ఈ డ్రెస్ గురించే ఇవాళ్టి వీడియో. పాటర్న్ ఆన్‌లైన్‌లో పీడీఎఫ్‌గా కొన్నాను. గుడ్డ లినెన్. మిషన్ మాత్రం మన ఇళ్లల్లో ఉండే నల్ల మిషనే, సాదా కుట్టు తప్ప జిగ్‌జాగ్ కూడా రాదు దానికి. చాలామంది కామెంట్లలో అడుగుతున్నారు, "అక్కా, నాకు జాకెట్టు కుట్టడమే ఇంకా సరిగా రాదు, ఇలాంటి పాటర్న్ కొంటే నా వల్ల అవుతుందా?" అని. అవుతుందండీ. జాకెట్టు కన్నా ఇది చాలా తేలిక. కాకపోతే ఆ తేలికంతా మిషన్ ముందు కూర్చున్నాకే. అంతకు ముందు చేయాల్సిన పనులను వాళ్లిచ్చిన బుక్‌లెట్‌లో రెండు ముక్కల్లో తేల్చేశారు. డ్రెస్ కుదరడమైనా చెడడమైనా అక్కడే ఉంది. అందుకే ఈ వీడియోలో ఎక్కువసేపు దాని మీదే మాట్లాడతాను.

ముందు డిజైన్ చూడండి. గుండ్రటి మెడ. చేతులు విడిగా కత్తిరించి అతికించేవి కావు, పై భాగంతో కలిపే వస్తాయి. కాబట్టి కొత్తవాళ్లకి టెన్షన్ పెట్టే చంక దగ్గర చెయ్యి అతికించే పని ఇందులో లేదు. జిప్పు లేదు, కాజాలు లేవు, గుండీలు లేవు. నడుము దగ్గర కుచ్చిళ్లు, కింద భాగం అచ్చంగా దీర్ఘచతురస్రం. పక్క కుట్టులో జేబులు. మొత్తం ముక్కలు ఎన్నంటే పైభాగం ముందుది, వెనకది, కింద భాగం, జేబు, మెడకి క్రాస్ పట్టీ, అంటే ఏటవాలుగా కోసిన పట్టీ. అంతే.

పాటర్న్ అంటే కొత్తగా వినేవాళ్లకి ఒక్క మాట. టైలర్‌కి మనం ఆది జాకెట్టు ఇస్తాం కదా, అది మన ఒంటికి సరిపోయిన కొలత. పాటర్న్‌లో అలా ఒకరి కొలత కాకుండా, ఒకే డిజైన్‌ని చిన్న సైజు నుంచి పెద్ద సైజు దాకా లెక్క ప్రకారం పెంచుకుంటూ గీసి ఇస్తారు. అమెరికాలో ఎబెనెజర్ బటరిక్ అనే టైలర్ 1863లో ఇలా సైజులవారీగా కాగితం పాటర్న్‌లు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. మన దగ్గర టైలర్లు సూటిగా గుడ్డ మీదే చాక్‌తో గీసేస్తారు కాబట్టి ఈ అలవాటు మనకి పెద్దగా రాలేదు.

సరే, ప్రింట్ సంగతి. ఫైల్ పట్టుకుని జిరాక్స్ షాపుకి వెళ్తే అక్కడి అబ్బాయి అలవాటుగా "ఫిట్ టు పేజ్" నొక్కేస్తాడు. అప్పుడు బొమ్మ కాస్త చిన్నదవుతుంది, కంటికి తెలియదు. మూడు శాతం తగ్గిందనుకోండి, 44 అంగుళాల చుట్టుకొలతలో అంగుళం పావు పైనే పోతుంది. కాబట్టి "యాక్చువల్ సైజ్" లేదా నూరు శాతం పెట్టమని చెప్పండి. మొదటి పేజీలో ఒక చదరపు గడి ఉంటుంది, ఈ పాటర్న్‌లో అది 5 సెంటీమీటర్లు. ఆ ఒక్క పేజీ ముందు తీయించి, అక్కడే స్కేలు పెట్టి కొలవండి. సరిగ్గా ఉంటేనే మిగతావి తీయించుకోండి. ఈ ఏ4 పేజీలన్నీ నేల మీద పరిచి అతికించే ఓపిక లేకపోతే, ఇళ్ల ప్లాన్‌లు ప్రింట్ తీసే షాపులో ఏ0 సైజు ఇస్తారు. ఆ ఫైల్ కూడా ఇచ్చారు కాబట్టి ఇక్కడ పాటర్న్‌కి ఒక మార్కు ఎక్కువ.

ఇప్పుడు సైజు. నేను కొత్తవాళ్లకి గట్టిగా చెప్పేది ఇదే. బుక్‌లెట్‌లో రెండు పట్టికలు ఉంటాయి. ఒకటి మన ఒంటి కొలత, రెండోది కుట్టేశాక డ్రెస్ కొలత. అందరూ మొదటిది చూసి కత్తెర తీస్తారు. ఇందులో ఛాతీ 36 ఉన్నవాళ్లకి ఇచ్చిన సైజు, కుట్టాక 44 వస్తుంది. అంటే 8 అంగుళాల లూజు. మన కుర్తీకి టైలర్ మూడో నాలుగో అంగుళాలు వదులుతాడు, జాకెట్టుకైతే అదీ ఉండదు. అలాంటి ఫిట్టింగ్‌కి అలవాటు పడ్డ కంటికి ఇది నైటీలా కనిపిస్తుంది. నేను ఒక సైజు తగ్గించి కత్తిరించాను. అలాగని రెండు సైజులు తగ్గించకండి. లినెన్ సాగదు, పైగా చేతులు పైభాగంతో కలిసే ఉన్నాయి, లూజు లేకపోతే చెయ్యి పైకెత్తినప్పుడు డ్రెస్ మొత్తం పైకి లేస్తుంది.

ఇంకో సంగతి, ఇది పాటర్న్ లోపమే. ముందు భాగానికి డార్ట్ లేదు, అంటే ఛాతీ ఆకారం రావడానికి వేసే మడత కుట్టు. ఛాతీ కాస్త నిండుగా ఉన్నవాళ్లకి నడుము కుట్టు ముందువైపు పైకి లాగినట్టు ఉంటుంది. దాని గురించి బుక్‌లెట్‌లో ఒక్క ముక్క లేదు. దీనికి ఉపాయం ఉంది. ముందు ముక్క కింది గీతని సరిగ్గా మధ్యలో ముప్పావు అంగుళం కిందికి దించి, అక్కడి నుంచి పక్కలకి వెళ్లేసరికి సున్నాకి కలిపేయండి. కొద్దిగా వంపు తిరిగిన గీత అవుతుంది. వేసుకున్నప్పుడు నడుము కుట్టు నేలకి సమానంగా నిలబడుతుంది. అనుమానం ఉంటే పాత దుప్పటితోనో లైనింగ్ గుడ్డతోనో పైభాగం ఒక్కటీ కచ్చాకుట్టు వేసి చూసుకోండి. కింద భాగం అక్కర్లేదు.

గుడ్డ దగ్గరికి వద్దాం. లినెన్ అంటే అవిసె గింజల మొక్క ఉంది కదా, దాని కాడల్లోంచి తీసే నార. నారకి పనికొచ్చే పంట ఎక్కువగా ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ తీరంలో పండుతుంది, ధర ఎక్కువ ఉండటానికి అదీ ఒక కారణం. షాపులో "లీ" అనే లెక్క చెబుతారు. ఒక పౌను బరువున్న నూలులో 300 గజాల చుట్టలు ఎన్ని వస్తాయో ఆ అంకే లీ. అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. షర్టులకి ఎక్కువగా 60 లీ అమ్ముతారు. ఈ డ్రెస్‌కి ముదురు రంగులో 60 లీ బాగుంటుంది, కుచ్చిళ్లు నడుము దగ్గర ఉబ్బవు. తెలుపు, లేత రంగులు కావాలంటే 40 లీ చూడండి, లేకపోతే లోపల స్లిప్ వేసుకోవాల్సి వస్తుంది. 58 అంగుళాల పన్నా, అంటే వెడల్పు, అయితే రెండున్నర మీటర్లు సరిపోయింది. 44 పన్నాకి మూడు మీటర్లు తీసుకోండి. "కాటన్ లినెన్" అంటే కలిపి నేసింది, మోసమేమీ కాదు, మొదటి డ్రెస్‌కి అది తీసుకున్నా నష్టం లేదు. లినెన్ ధర మాత్రం దానికి ఇవ్వకండి.

తెచ్చిన గుడ్డని కత్తిరించే ముందే తడపాలి. ఇందులో రాజీ లేదు. లినెన్ మొదటి ఉతుకులో మూడు నుంచి ఐదు శాతం కుంచించుకుపోతుంది, కొన్ని తానులు ఇంకా ఎక్కువే. రెండున్నర మీటర్లలో పది సెంటీమీటర్లు ఇట్టే పోతుంది. తర్వాత డ్రెస్‌ని ఎలా ఉతకబోతున్నారో గుడ్డని ఇప్పుడు అలాగే ఉతకండి. పూర్తిగా ఆరనివ్వకుండా, కాస్త చెమ్మగా ఉన్నప్పుడే ఇస్త్రీ చేయండి. ఎండిపోయాక ఎంత రుద్దినా ఆ ముడతలు పోవు.

ఇక్కడ కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. షాపులో కత్తెరతో కోసిన అంచు ఇది. నేరుగా ఉన్నట్టే ఉంది కదా. ఇక్కడ అంచులోంచి పేక పోగు, అంటే అడ్డం పోగు, ఒకటి సూదితో పైకి లేపి, రెండు వేళ్లతో మెల్లగా లాగుతున్నాను. గుడ్డ కొంచెం ముడుచుకుంటోంది, దాన్ని వెనక్కి తోసుకుంటూ మళ్లీ లాగాలి. తెగితే పక్క పోగు పట్టుకోండి. పోగు వచ్చేసిన చోట సన్నటి గీత పడింది, కనిపిస్తోందా? కత్తెర ఆ గీత మీద నడవాలి. ఇప్పుడు చూడండి, షాపువాళ్లు కోసిన అంచుకి, ఈ గీతకి ఒక చివర రెండు వేళ్ల తేడా ఉంది. ఇది సరిచేయకుండా మడత పెట్టి కత్తిరిస్తే, నాలుగు ఉతుకులయ్యాక డ్రెస్ పక్క కుట్టు మెలి తిరిగి ముందుకి వచ్చేస్తుంది. పాటర్న్ ముక్క మీద బాణం గుర్తు ఉంటుంది, అది పడుగుకి, అంటే నిలువు పోగులకి, సమాంతరంగా ఉండాలి. బాణం రెండు కొసల నుంచీ గుడ్డ పక్కనుండే నేత అంచుకి టేపు పెట్టి కొలవండి, రెండూ ఒకటే రావాలి.

ఇక కుట్టు. సూది 14 నంబరు. మిషన్‌కి 16 ఉంటే మార్చేయండి. కత్తిరించగానే, ఇంకేమీ చేయకముందే మెడ చుట్టూ అంచుకి దగ్గరగా ఒక వరస కుట్టు వేసేయండి. లినెన్ మెడ దగ్గర ఏటవాలుగా కోసిన చోటల్లా సాగుతుంది. చేత్తో రెండుసార్లు ఎత్తి దించితే చాలు, అర అంగుళం వెడల్పవుతుంది. బుక్‌లెట్‌లో దీన్ని చివర ఎక్కడో చిన్న అక్షరాల్లో వేశారు, మొదటి మెట్టుగా ఉండాల్సింది.

మెడ పట్టీ బాగా రాశారు, బొమ్మలు కూడా స్పష్టంగా ఉన్నాయి. అంగుళం పావు వెడల్పు క్రాస్ పట్టీ, మెడ వంపులో కొద్దిగా లాగి పట్టుకుని కుట్టాలి. ఎక్కువ లాగితే ముడతలు, అసలు లాగకపోతే మెడ నోరు తెరుచుకుంటుంది. తర్వాత కుట్టుకి అవతల మిగిలిన గుడ్డని సన్నగా కత్తిరించి, వంపుల దగ్గర చిన్న చిన్న గాట్లు పెట్టి, పట్టీని లోపలికి మడిచి ఇస్త్రీ. పై నుంచి వేసే చివరి కుట్టు నేను లోపలి వైపు నుంచే వేస్తాను, పట్టీ అంచు కళ్ల ముందు ఉంటుంది కాబట్టి. అప్పుడు బయటికి కనిపించేది బాబిన్ దారం, అది కూడా అదే రంగు వేసుకోండి. జిప్పు లేని డ్రెస్ కదా, తల పట్టాలి. టేపుతో తల చుట్టూ కొలుచుకుని, మెడ చుట్టుకొలత అంతకన్నా ఎక్కువే ఉందో లేదో కాగితం మీదే చూసుకోండి.

పక్క కుట్లకి ఓవర్‌లాక్, అంటే పోగులు ఊడకుండా అంచు మీద దారం చుట్టే కుట్టు, వేయమని బుక్‌లెట్ తేలిగ్గా చెప్పేసింది. మన ఇళ్లలో ఆ మిషన్ ఎక్కడిది? లినెన్‌కి పోగులు ఊడిపోతాయి, అంచు అలాగే వదలలేం. కింద భాగానికి ఫ్రెంచ్ సీమ్ వేశాను, అంటే కోసిన అంచు కుట్టు లోపలే దాగిపోయేలా రెండుసార్లు కుట్టడం. ముందు గుడ్డ మంచివైపు బయటికి ఉండేలా పెట్టి 6 మిల్లీమీటర్లలో ఒక కుట్టు, మిగిలింది సగానికి కత్తిరించి, తిప్పి 9 మిల్లీమీటర్లలో రెండో కుట్టు. పాటర్న్ వదిలిన ఒకటిన్నర సెంటీమీటరు సరిగ్గా సరిపోయింది. జేబులు కూడా ఇలాగే వస్తాయి, మూలల దగ్గర మాత్రం కొంచెం నిదానంగా. కానీ చంక కింద వంపులో ఫ్రెంచ్ సీమ్ వద్దు. లోపల నాలుగు పొరలు గట్టిపడి, చెయ్యి కదిపినప్పుడల్లా గుచ్చుకుంటుంది, గాటు పెట్టడానికీ వీలుండదు. అక్కడ మామూలు కుట్టు వేసి, గాట్లు పెట్టాలంటే పెట్టి, సన్నటి క్రాస్ పట్టీతో అంచు కప్పేయండి. అంత ఓపిక లేదంటే పీకో చేసే షాపులో ఓవర్‌లాక్ కొట్టించుకోండి, గాట్లు పెట్టకముందే.

కుచ్చిళ్లలో చెప్పడానికి పెద్దగా లేదు. పెద్ద కుట్టుతో రెండు వరసలు, అడుగు దారం లాగడం, నాలుగు భాగాలుగా గుర్తు పెట్టుకుని సర్దడం. కింద అంచు నేను చేత్తో హెమ్మింగ్ చేశాను, మిషన్ మీద వేసినా బాగానే ఉంటుంది.

నా లెక్కలో పదికి ఏడున్నర. డిజైన్‌కి, మెడ దగ్గరి బొమ్మలకి పూర్తి మార్కులు. సైజు పట్టిక, డార్ట్ సంగతి, గుడ్డ తడపడం గురించి ఒకే ఒక్క వాక్యం, వీటికి కోత. ఒంటికి అతుక్కునే ఫిట్టింగ్ ఇష్టమైనవాళ్లు దీని జోలికి పోకండి, నడుము దగ్గర ఎంత తగ్గించినా మీకు నచ్చదు. ఇస్త్రీ మడత నలగకూడదు అనుకునేవాళ్లకి అసలు లినెనే వద్దు, కూర్చుని లేస్తే నలుగుతుంది, దాని తీరే అంత.

మంగళగిరి కాటన్‌తో కుట్టొచ్చా అని చాలామంది అడిగారు. హాయిగా కుట్టొచ్చు. కింద భాగం దీర్ఘచతురస్రం కాబట్టి గుడ్డని అడ్డంగా తిప్పి కత్తిరిస్తే జరీ అంచు సరిగ్గా కిందికి వస్తుంది, హెమ్మింగ్ పని కూడా తప్పుతుంది. పైభాగం మాత్రం పడుగు వైపే కత్తిరించండి. మూడుంపావు మీటర్లు తీసుకుంటే భయం లేదు. రెండోవైపు అంచు మిగులుతుంది కదా, అది జేబు నోటికి వేయండి. ఆ లేఅవుట్ గీసి కమ్యూనిటీ ట్యాబ్‌లో పెడుతున్నాను, పాటర్న్ లింకు కింద డిస్క్రిప్షన్‌లో ఉంది. మీ గుడ్డ పన్నా ఎంతో, మీ సైజు ఎంతో కామెంట్‌లో రాస్తే ఎన్ని మీటర్లు పడుతుందో చెబుతాను. ఉంటానండీ.