జాబితాలో కనిపించని దేశం

శ్రోతలందరికీ నమస్కారం. దేశాల మధ్య స్నేహం ఎంత గట్టిదో తేలడానికి యుద్ధమే రానక్కర్లేదు, రేవులో నాలుగు కంటైనర్లు ఆగిపోయినా చాలు. ఇవాళ నేను ఒక్క దేశం గురించే చెబుతాను. లిథువేనియా. బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉంటుంది, జనాభా సుమారు 28 లక్షలు, అంటే మన హైదరాబాద్‌లో సగం కూడా లేదు. 2004 నుంచి యూరోపియన్ యూనియన్ సభ్యదేశం.

2021 నవంబర్‌లో దాని రాజధాని విల్నియస్‌లో తైవాన్ ఒక కార్యాలయం తెరిచింది. చాలా దేశాల్లో ఇలాంటి ఆఫీసులకు తైవాన్ రాజధాని ‘తైపే’ పేరు పెడతారు, తైవాన్ తన భాగమేననే చైనాకు కోపం రాకుండా. ఇక్కడ బోర్డు మీద తైవాన్ పేరే రాశారు. చైనాకు ఒళ్లు మండింది, దౌత్య సంబంధాల స్థాయి తగ్గించేసింది.

డిసెంబర్ మొదట్లో లిథువేనియా వ్యాపారులకు ఒక వింత ఎదురైంది. చైనా కస్టమ్స్ కంప్యూటర్లలో సరుకు ఏ దేశానిదో ఎంచుకునే జాబితా ఉంటుంది కదా, అందులో వాళ్ల దేశం పేరే లేదు. నిషేధం అని ఎవరూ చెప్పలేదు. ఉత్తర్వు లేదు, కాగితం లేదు. పేరు లేదు, అంతే. కొద్దిరోజులకు పేరు మళ్లీ కనిపించింది గానీ సరుకు మాత్రం సరిగ్గా కదల్లేదు.

అలా చిక్కుకున్న వాటిలో రమ్ము ఒకటి. చైనాకు వెళ్లాల్సిన 20,400 సీసాలు! వాటికి ఇక దారి లేదని తెలిసి, తైవాన్ ప్రభుత్వ మద్యం సంస్థ మొత్తం సరుకు తానే కొనేసింది. ఆ రమ్ము ఎలా తాగాలో, వంటలో ఎలా వాడాలో కూడా అక్కడి ప్రభుత్వం జనానికి చెప్పింది. ఇది ఊరికే వచ్చిన ప్రేమ కాదు. అదే ఏడాది జూన్‌లో కోవిడ్ టీకాలు దొరక్క తైవాన్ ఇబ్బంది పడుతుంటే, లిథువేనియా 20,000 డోసులు ఇస్తామని ముందుకొచ్చింది. నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం.

కానీ అసలు పరీక్ష రమ్ముతో రాలేదు. లిథువేనియా ఎగుమతుల్లో చైనా వాటా దాదాపు ఒక్క శాతమే, ఆ దెబ్బ తట్టుకోవచ్చు. దెబ్బ చుట్టాల ఇంటి మీదుగా వచ్చింది. జర్మనీ కంపెనీలకు లిథువేనియాలో ఫ్యాక్టరీలు ఉన్నాయి, అక్కడి విడిభాగాలు జర్మనీ వస్తువుల్లోకి వెళ్తాయి, ఆ వస్తువులకు చైనా పెద్ద మార్కెట్టు. ఆ విడిభాగాలు మానేయమని కంపెనీల మీద ఒత్తిడి తెస్తున్నారని వార్తలొచ్చాయి. చైనా కాదంది. ఈలోగా జర్మన్-బాల్టిక్ వాణిజ్య మండలి, చైనాతో సర్దుకోకపోతే కొన్ని ఫ్యాక్టరీలు మూతపడొచ్చని లిథువేనియా ప్రభుత్వాన్ని హెచ్చరించింది. చూడండి, ఆ మాట అన్నది శత్రువు కాదు, సొంత కూటమిలోని వ్యాపారులు. 2022 జనవరిలో అధ్యక్షుడు నౌసేదా కూడా ఆఫీసు తెరవడం తప్పు కాదు గానీ ఆ పేరు పెట్టడం తప్పు అన్నాడు. ప్రభుత్వానికీ అధ్యక్షుడికీ మధ్యే పొరపొచ్చాలు బయటపడ్డాయి. చిన్న దేశాన్ని ఒంటరిని చేయాలంటే దాన్ని కొట్టక్కర్లేదు, పక్కవాడిని భయపెడితే చాలు.

అదే నెల యూరోపియన్ యూనియన్ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసింది. బాగానే ఉంది. 2024 జనవరికల్లా ఆ కేసును పక్కన పెట్టేసింది. 2025లో అమెరికా మన రొయ్యల మీద సుంకం పెంచినప్పుడు గోదావరి జిల్లాల రైతులు ఎంత టెన్షన్ పడ్డారో మనం చూశాం, అయినా అక్కడ కనీసం శాతం ఎంతో కాగితం మీద ఉంది. ఇక్కడ నిరూపించడానికి ఏముంది? నష్టపోయిన కంపెనీ నోరు విప్పితే చైనాలో ఉన్న వ్యాపారం కూడా పోతుందేమోనని భయం.

ఈలోగా వచ్చిందే ఆర్థిక బెదిరింపులను ఎదుర్కొనే యూరప్ చట్టం, 2023 డిసెంబర్ 27 నుంచి అమల్లో ఉంది. ఒక సభ్యదేశాన్ని బెదిరిస్తే అందరూ కలిసి బదులివ్వడానికి అది వీలు కల్పిస్తుంది. 27 దేశాలూ ఒప్పుకోవాలన్న పట్టింపు లేదు, నిర్ణీత మెజారిటీ సరిపోతుంది, కాబట్టి ఒక్క దేశాన్ని లొంగదీసుకుని మొత్తం ఆపించడం కుదరదు. వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి ఉంది. బెదిరింపు ఎదురైన కంపెనీ తన సమాచారం రహస్యంగా ఉంచమని అడుగుతూ యూరోపియన్ కమిషన్‌కు చెప్పుకోవచ్చు. విల్నియస్ వ్యాపారులకు 2021లో అవసరమైంది సరిగ్గా అదే.