యాభై దాటాక ఉద్యోగం పోతే: శ్రోతలతో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. యాభై దాటిన ప్రైవేటు ఉద్యోగులను పట్టి పీడిస్తున్న గుబులు గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. స్టూడియోలో ఉన్న మన సలహాదారు చాలాకాలం ఫ్యాక్టరీల్లో సిబ్బంది వ్యవహారాల విభాగం చూశారు. మొదటి ఫోను పటాన్‌చెరు నుంచి. చెప్పండి సార్.

శ్రోత: నమస్కారమండీ. మందుల కంపెనీలో ప్రొడక్షన్ మేనేజర్‌ని. 53 ఏళ్లు. ఈ మధ్య యాజమాన్యం మారింది. నా వయసువాళ్లు ముగ్గురు ఇప్పటికే ఇంటికి వెళ్లిపోయారు. పోయిన నెల ఒక కుర్రాడిని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టి, బ్యాచ్ రికార్డులు చూడటం దగ్గర్నుంచి అన్నీ నేర్పమన్నారు. నేర్పుతున్నాను. పిల్లవాడు మంచివాడే. కానీ నా కుర్చీలోకి మనిషిని నేనే తయారు చేస్తున్నానని లోపల పీకుతోంది.

సలహాదారు: ఇంట్లో చెప్పారా?

శ్రోత: లేదండీ. మా ఆవిడకు బీపీ. అబ్బాయి బీటెక్ మూడో ఏడాది.

సలహాదారు: ఇల్లు నెలకు ఎంతలో నడుస్తోంది?

శ్రోత: ఇంటి అప్పు వాయిదా కాకుండా... యాభై వేలు ఉంటుందేమో.

సలహాదారు: ఆ ‘ఏమో’ తీసేసి చెప్పగలిగేది మీ ఆవిడ. అందుకే ఆవిడకు ముందు చెప్పండి. బీపీ మాట నిజమే, కానీ ఒకరోజు హఠాత్తుగా తెలిస్తే అది ఇంకా పెరుగుతుంది. పాలు, కరెంటు, ఫీజులు, ఊళ్లో అమ్మగారికి పంపేది, పెళ్లిళ్లకు చదివించేది, అన్నీ ఇద్దరూ కూర్చుని రాయండి. మీ ఆలోచన ఏమిటి?

శ్రోత: పీఎఫ్‌లో 26 లక్షలు ఉన్నాయి. ఇంటి అప్పు 17 లక్షలు మిగిలింది. ఉద్యోగం పోగానే పీఎఫ్ తీసి అప్పు తీర్చేద్దామని.

సలహాదారు: తొందరపడకండి. అప్పు తీరాక తొమ్మిది లక్షలు మిగులుతాయి. రేపు ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే, జీతం లేని మనిషికి ఏ బ్యాంకు అప్పిస్తుంది? పీఎఫ్‌కు 2024-25లో 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. మీరు కొత్తగా కట్టకపోయినా 58 ఏళ్లు వచ్చేవరకు వడ్డీ పడుతూనే ఉంటుంది. దాన్ని కదపకుండా, ఇప్పుడు వస్తున్న జీతంలోంచే ఏడాది వాయిదాలకు సరిపడా సొమ్ము ఎఫ్‌డీలో వేసుకుంటూ రండి. కారు మార్చాలనుకుంటే మానేయండి.

శ్రోత: కారు బుక్ చేశానండీ.

సలహాదారు: అడ్వాన్సు వెనక్కి వస్తుందేమో అడగండి. కొంత కోసుకున్నా పర్వాలేదు. ఇదే మీ మొదటి ఉద్యోగమా?

శ్రోత: కాదు. ముందు జీడిమెట్లలో పదేళ్లు చేశాను. ఇక్కడ 14 ఏళ్లు.

సలహాదారు: జీడిమెట్ల పీఎఫ్ ఖాతాను ఇప్పటి దానిలో కలిపారా?

శ్రోత: ...లేదనుకుంటాను.

సలహాదారు: చూడండి, ఇదీ అసలు పని. ఆ ఖాతాను బదిలీ చేయించుకోండి. అక్కడ మానేసిన తేదీ ఎక్కిందా, ఆధార్‌లో, పీఎఫ్‌లో పేరు ఒకటేనా చూసుకోండి. కొన్ని సవరణలకు కంపెనీ సంతకం కావాలి. ఈ రోజు మీరు హెచ్‌ఆర్ గదిలోకి వెళితే లేచి నిలబడతారు. రేపు గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేస్తాడు. ఇక పీఎఫ్‌తో వచ్చే పింఛనుకు పదేళ్ల సర్వీసు చాలు, మీకు దండిగా ఉంది. యాభై నిండాయి కాబట్టి ముందే తీసుకోవచ్చని ఎవరో ఒకరు చెబుతారు. నిజమే, కానీ 58కి ఎన్నేళ్లు తక్కువైతే అన్నేళ్లకు ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది. ఆ కోత బతికినన్నాళ్లూ ఉంటుంది. అసలే కొద్ది వేల పింఛను. వీలైతే ఆగండి.

శ్రోత: సర్వీసుకు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ ఎంత రావచ్చండీ?

సలహాదారు: మూలవేతనం ఎంత?

శ్రోత: 52 వేలు. డీఏ లేదు.

సలహాదారు: నెలకు 26 పనిరోజులుగా లెక్కేసి 52 వేలను 26తో భాగిస్తే రోజుకు 2 వేలు. ఏడాదికి 15 రోజుల లెక్కన 30 వేలు. పద్నాలుగేళ్లకు 4 లక్షల 20 వేలు. మానేసిన 30 రోజుల్లో ఇవ్వాలి. ఒక్క జాగ్రత్త. ఏదో ఒక మధ్యాహ్నం పిలిచి, రాజీనామా మీరే రాసిస్తే గౌరవంగా ఉంటుందంటారు. ఆ పూటే సంతకం పెట్టకండి. ఇంటికి వెళ్లి ఆలోచించుకుని వస్తానని చెప్పండి. నోటీసు కాలం జీతం, మిగిలిన సెలవుల డబ్బు, గ్రాట్యుటీ, రిలీవింగ్ లెటర్, వీటి గురించి కాగితం మీద రాసిచ్చాకే సంతకం.

ఇంకో మాట. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా మీ ఉద్యోగంతోపాటే ఆగిపోతుంది. ఆవిడకు బీపీ అన్నారు. కొత్త పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం పెట్టవచ్చు, అంటే అన్నాళ్లూ ఆ జబ్బులకు డబ్బు ఇవ్వరు. ఆ గడియారం జీతం వస్తున్నప్పుడే మొదలవనివ్వండి. బీపీని దాచకుండా రాయండి. దాస్తే క్లెయిము రోజున తెలుస్తుంది.

శ్రోత: ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారండీ?

సలహాదారు: అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీలు ఎన్ని చూశారు?

శ్రోత: చాలానే చూశాను.

సలహాదారు: పాశమైలారంలో, జీడిమెట్లలో చిన్న యూనిట్లకు కావలసింది అదే. జీతం తగ్గుతుంది, హోదా తగ్గుతుంది. మీ కింద పనిచేసినవాడే పైన ఉండవచ్చు. మింగుడు పడదు, తెలుసు. అయినా పాత సహోద్యోగులకు ఇప్పుడే ఫోన్లు చేయండి, ఉద్యోగం అడగకుండా ఊరికే బాగోగుల కోసం. అవసరం నెత్తిమీదికి వచ్చాక చేసే ఫోనును అవతలివాళ్లు మొదటి మాటలోనే పసిగడతారు.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోను విజయవాడ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మావారికి 56. పోయిన నెల వీఆర్‌ఎస్, అదే స్వచ్ఛంద పదవీ విరమణ, ఇచ్చి పంపేశారు. మొత్తం 19 లక్షలు వచ్చాయి. మా మరిదిగారు వెంచర్‌లో ప్లాట్లు కొనమంటున్నారు. ఈయనేమో కర్రీ పాయింట్ పెడతానంటున్నారు.

సలహాదారు: వంట ఎవరు చేస్తారమ్మా?

శ్రోత: (నవ్వు) నేనే.

సలహాదారు: అయితే ముందు మీరు ఒప్పుకోవాలి కదా! ప్లాటు సంగతి వదిలేయండి. నెలనెలా బియ్యం కొనాల్సిన ఇంటికి ప్లాటు దేనికి? పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకం ఉంది. మామూలుగా అరవై నిండాలి. 55 దాటి రిటైరైనవారు మాత్రం, డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు వేస్తే ఇప్పుడే చేరవచ్చు. కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం కావాలి. మీకు ఇంకా గడువుంది, జారవిడవకండి. 8.2 శాతం వడ్డీ లెక్కన 15 లక్షలకు మూడు నెలలకోసారి 30,750 రూపాయలు వస్తాయి. అయిదేళ్లు అలా ఉంచండి. మిగతా నాలుగు లక్షలు ఇంట్లో అత్యవసరానికి.

శ్రోత: మరి కర్రీ పాయింట్?

సలహాదారు: 2020 జనవరి 31న బీఎస్‌ఎన్‌ఎల్‌లో 78 వేల మందికి పైగా ఒకేసారి వీఆర్‌ఎస్ మీద బయటికి వచ్చారు. వాళ్లలో నాకు తెలిసిన ఒకాయన మరుసటి నెలలోనే టిఫిన్ సెంటర్‌కు అడ్వాన్సు కట్టారు. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. అది ఆయన తప్పు కాదు, కానీ ఉన్నదంతా అందులోనే పెట్టారు. మీవారిని తెలిసినవాళ్ల కర్రీ పాయింట్‌లో రెండు నెలలు గల్లా దగ్గర కూర్చోమనండి. రాత్రి తొమ్మిదికి గిన్నెల అడుగున ఎంత మిగిలిందో, దాన్ని ఏం చేశారో చూడమనండి. అప్పటికీ పెడతానంటే ఆ నాలుగు లక్షల్లో రెండు దాటకుండా పెట్టమనండి.

శ్రోత: నా మాట వినరండీ.

సలహాదారు: పక్కనే ఉన్నారా?

శ్రోత: వింటున్నారు.

సలహాదారు: అయితే ఫోను ఆయనకివ్వండి. అద్దె ఎంత చెప్పారో, అడ్వాన్సు ఎన్ని నెలలదో ఆయన్నే అడుగుతాను.