ఆన్‌లైన్ చదువు: తగ్గిన ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది?

హోస్ట్: అందరికీ నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడుతున్నాం. ఈరోజు నాతో ఉన్నది నాకు డిగ్రీలో కామర్స్ చెప్పిన మేడం. మేడం, సూటిగా అడిగేస్తాను. ఆన్‌లైన్ అయితే చదువు చౌక అని అందరూ అంటున్నారు. బిల్డింగ్ అక్కర్లేదు, బెంచీలు అక్కర్లేదు, హాస్టల్ అక్కర్లేదు. మీరు మాత్రం ఒప్పుకోరు.

మేడం: తగ్గదని నేను అనను నాయనా. ఎవరికి తగ్గుతోంది అని అడుగుతాను. క్లాసు రూములో ఫ్యాను, లైటు, కూర్చునే చోటు కాలేజీవి. అదే క్లాసు ఇంట్లో వినాలంటే కరెంటు ఇంటివాళ్లది, ఫోను ఇంటివాళ్లది, డేటా ఇంటివాళ్లది. యూనివర్సిటీ పద్దులో ఆ ఖర్చు కనపడదు. కనపడలేదు కాబట్టి లేదనుకుంటున్నాం. నా బాధంతా అక్కడే.

హోస్ట్: కామర్స్ మేడం కదా, ఒక అమ్మాయి లెక్క వేసి చూపించండి.

మేడం: కుందుర్పి దగ్గర ఏదో ఒక ఊరు అనుకో. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ప్యాక్ దాదాపు మూడు వందలు. అది నెలకు కాదు, 28 రోజులకు. అంటే ఏడాదికి 13 సార్లు వేయించాలి. దగ్గర దగ్గర నాలుగు వేలు. లైవ్ వీడియో క్లాసు గంటకు అర జీబీ తక్కువ కాకుండా లాగుతుంది, ఒక్కోసారి జీబీ కూడా దాటుతుంది. మధ్యాహ్నానికి ఆ రోజు డేటా అయిపోతుంది. ఇక నోట్స్ డౌన్‌లోడ్ చేసుకోవడం ఎప్పుడు?

హోస్ట్: అదే అమ్మాయి బస్సెక్కి కాలేజీకి వస్తే?

మేడం: 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు. ఆధార్ చూపిస్తే చాలు. కాలేజీకి వస్తే చార్జీ సున్నా, ఇంట్లో కూర్చుని చదివితే నాలుగు వేలు. మగపిల్లలకు బస్‌పాస్ ఖర్చు ఉంటుంది, కాదనను. కానీ ఆన్‌లైన్ అంటే చౌక అని కళ్లు మూసుకుని చెప్పేవాళ్లు ఈ ఒక్క లెక్క వేసి చూడాలి.

హోస్ట్: ఫోను ధర మీరు కలపనే లేదు.

మేడం: అందరి దగ్గరా ఫోను ఉందిగా అంటారు. ఉంది, కానీ ఎవరి చేతిలో ఉంది? 2017-18లో కేంద్ర ప్రభుత్వం చేయించిన జాతీయ నమూనా సర్వే (ఎన్ఎస్ఎస్) 75వ రౌండ్‌లో, పల్లెల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్లు 4.4 శాతం. ఇంటర్నెట్ వాడే వీలున్న ఇళ్లు 15 శాతం లోపే. ఆ తర్వాత ఫోన్లు బాగా పెరిగాయి, నిజమే. కానీ 2020 లాక్‌డౌన్ వచ్చేసరికి ఇంట్లో స్మార్ట్‌ఫోను లేని పిల్లలు ఇంకా చాలామందే ఉన్నారు.

ఒక అమ్మాయి సంగతి చెప్తాను, పేరు వద్దు. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోను నాన్నది. ఆయన కక్కలపల్లి టమాటా మార్కెట్‌కు పోతే ఫోను కూడా పోతుంది. ధర కనుక్కోవాలన్నా, డబ్బులు పడ్డాయో లేదో చూసుకోవాలన్నా ఆయనకూ అదే ఆధారం. ఇంటర్నల్ పరీక్షకు జవాబులు కాగితం మీద రాసి, పేజీ పేజీ ఫోటో తీసి, పీడీఎఫ్ చేసి పంపమన్నాం. నాలుగో పేజీకే ఫోనులో జాగా లేదని వచ్చింది. టైం అయిపోతోందని టెన్షన్‌లో ఆ అమ్మాయి గ్యాలరీలో వాళ్ల అక్క పెళ్లి ఫోటోలు తీసేసి పేపర్ అప్‌లోడ్ చేసింది. మార్కులు బాగానే వచ్చాయి. ఆ ఫోటోలు ఇంకెక్కడా లేవని వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి చెప్పింది. ఆమెకు ఏమని బదులు చెప్పాలో నాకు తెలియలేదు.

హోస్ట్: ఇది ఏ లెక్కల పుస్తకంలో రాస్తారు మేడం...

మేడం: రాయరు. అందుకే చెప్తున్నాను. మెస్ చార్జీకి ఒక పద్దు ఉంది, ట్యూషన్ ఫీజుకు రీయింబర్స్‌మెంట్ ఉంది. డేటాకు ఏ పద్దూ లేదు.

హోస్ట్: సరే, యూనివర్సిటీ వైపు చూద్దాం. వాళ్లకైనా చౌకేనా?

మేడం: పిల్లలు వేలల్లో ఉంటేనే. ఒక కోర్సు శ్రద్ధగా తయారు చేయడానికి అయిదు లక్షలైందనుకో. వీడియోలు, ఎడిటింగ్, ప్రశ్నల బ్యాంకు, అన్నీ కలిపి. అయిదు వందల మంది చదివితే తలకు వెయ్యి రూపాయలు. యాభై వేల మంది చదివితే తలకు పది. ఓపెన్ యూనివర్సిటీలు నిలబడింది ఈ సూత్రం మీదే. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ మన తెలుగు నేల మీదే వచ్చింది, 1982లో. ఇప్పుడు దాన్ని అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ అంటున్నాం. ఒకే పుస్తకం లక్షల మందికి పనికొచ్చింది.

మరి మన సీమలో చూడు. అనంతపురంలో కృష్ణదేవరాయ, కడపలో యోగి వేమన, కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ. బీకాం మొదటి సెమిస్టర్ అకౌంటింగ్‌కు మూడు చోట్లా మూడు స్టూడియోలు, మూడు వీడియోలు ఎందుకు? డెబిట్, క్రెడిట్ కడపలో ఒకలా, కర్నూలులో ఇంకోలా ఉండవు కదా.

హోస్ట్: ఆన్‌లైన్ క్లాసులు, పరీక్షలు నడిపే మూడిల్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితమే కదా?

మేడం: సాఫ్ట్‌వేర్ ఉచితమే. సర్వర్ ఉచితం కాదు. పరీక్ష రోజు అందరూ ఒకేసారి లాగిన్ అయితే సర్వర్ పడిపోకుండా చూసే మనిషికి జీతం ఇవ్వాలి. అంతకంటే పెద్ద ఖర్చు టీచర్ టైం. క్లాసులో ఒక్కసారి చెప్పిన జవాబు, వాట్సాప్‌లో రాత్రి పది దాకా ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాలి. దాన్ని పని గంటల్లో ఎవరూ లెక్కించరు. ఇక్కడ ఆదా చేద్దామనుకుంటే పిల్లలు మధ్యలో మానేస్తారు. వీడియో ఉన్నంత మాత్రాన చదువు సాగదు, అడిగితే పలికే మనిషి ఉండాలి.

హోస్ట్: బయటి దేశాల్లో కూడా ఇదే కథా?

మేడం: 1997లో ప్రపంచ బ్యాంకు పూనుకుని ఆఫ్రికన్ వర్చువల్ యూనివర్సిటీ మొదలుపెట్టింది. మొదట్లో శాటిలైట్ ద్వారా అమెరికా, యూరప్ యూనివర్సిటీల పాఠాలు ఆఫ్రికా దేశాలకు పంపేవారు. పరికరాల ఖర్చు ఒక భారం, అక్కడి సిలబస్‌కు ఆ పాఠాలు అతకకపోవడం ఇంకో భారం. తర్వాత దాన్ని నైరోబీకి మార్చి, ఆఫ్రికా దేశాల చేతికే అప్పజెప్పారు. 2020లో దక్షిణాఫ్రికాలో చాలా యూనివర్సిటీలు పిల్లలకు డేటా తామే కొనిచ్చాయి. చదువులో డేటా ఒక భాగమని అక్కడ ఒప్పుకున్నారు. నాకు నచ్చింది అది.

హోస్ట్: మనకు ఉచితంగా ఆన్‌లైన్ పాఠాలు చెప్పే ప్రభుత్వ వేదికలు స్వయం, ఎన్‌పీటెల్ ఉన్నాయి కదా.

మేడం: ఉన్నాయి, మంచివి. స్వయం 2017లో వచ్చింది. డిగ్రీకి లెక్కకొచ్చే క్రెడిట్లలో సెమిస్టర్‌కు 40 శాతం దాకా అందులోంచి తెచ్చుకోవచ్చని 2021లో యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ చెప్పింది. పాఠం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష రాయాలి. ఎన్‌పీటెల్‌లో అయితే కోర్సుకు వెయ్యి రూపాయల ఫీజు, పైగా సెంటర్‌కు స్వయంగా వెళ్లి రాయాలి. నాలుగు కోర్సులంటే నాలుగు వేలు. కూలికి పోయే ఇంట్లో ఆ నాలుగు వేలు ఒకేసారి తియ్యడం మాటలు కాదు.

హోస్ట్: అయితే ఆన్‌లైన్ వద్దంటారా?

మేడం: అస్సలు అనను! పెళ్లయి చదువు ఆపేసిన ఆడపిల్లలు, బెంగళూరుకు పనికి పోయిన పిల్లలు మళ్లీ పుస్తకం పట్టాలంటే వాళ్లకు ఇదే దారి. ఖర్చు తగ్గించే మార్గాలు మన చేతిలోనే ఉన్నాయి. లైవ్ వీడియో తగ్గించి ఆడియో, పీడీఎఫ్ ఇవ్వండి. తక్కువ సైజులో, అంటే 64 కేబీపీఎస్‌లో రికార్డు చేసిన ఆడియో అయితే గంట పాఠం 30 ఎంబీ లోపే. వీడియోతో పోలిస్తే ఎంత తేడానో చూడు. మా సబ్జెక్టులో పట్టికలు ఉంటాయి కాబట్టి పీడీఎఫ్ చూస్తూ వింటారు, ఏ ఇబ్బందీ లేదు. అది తెలుగులో కూడా ఉండాలి. మా పిల్లల్లో ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఉన్నారు. ఇంగ్లీషు వీడియోను మూడుసార్లు వెనక్కి తిప్పి చూస్తే డేటా కూడా మూడింతలు.

హోస్ట్: వెంటనే చేయగలిగింది ఒక్కటి చెప్పమంటే?

మేడం: కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ సాయంత్రం కూడా తెరిచి ఉంచడం. మెషీన్లు ఉన్నాయి, నెట్ ఉంది, నాలుగున్నరకు తాళం పడుతుంది. ఒక అటెండర్‌కు రెండు గంటల ఓవర్‌టైం ఇస్తే చాలు. ఆ వారం పాఠాలన్నీ పిల్లలు అక్కడే డౌన్‌లోడ్ చేసుకుని పోతారు.

హోస్ట్: కళ్యాణదుర్గం వైపు పిల్లలకు బస్సు దొరకాలి కదా మేడం.

మేడం: అందుకే ఆరున్నరకు మూసేద్దాం అంటున్నాను. ఆఖరి బస్సుల టైములు పిల్లలే రాసిచ్చారు, ఆ కాగితం జత చేసి ప్రిన్సిపాల్ గారికి అర్జీ పెట్టాం. సోమవారం పిలుస్తామన్నారు.

హోస్ట్: ఆయన ఏమన్నారో వచ్చే ఎపిసోడ్ మొదట్లోనే చెప్పాలి మేడం.

మేడం: తప్పకుండా చెప్తాను.