మన పొరుగువాడు కూడా సంతకం పెట్టగల ఉత్తరం

నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి బహిరంగ లేఖ రాయడం గురించి. కారణం మీకు తెలిసిందే. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల తెలుగువాళ్ల వాట్సాప్ బృందాల్లో ఇలాంటి లేఖలు తరచూ తిరుగుతుంటాయి. "మాకు అన్యాయం జరుగుతోంది" అని మొదలై, "తెలుగు జాతి ఊరుకోదు" అని ముగుస్తాయి. మధ్యలో శ్రీకృష్ణదేవరాయలు తప్పకుండా వస్తాడు. ఒడిశాను ఏలిన గజపతులను ఓడించిన రాజును తలుచుకుని గజపతి జిల్లా కలెక్టరును ఒప్పించాలనుకోవడం ఏం తెలివో నాకు అర్థం కాదు. ఇంతా చేసి, ఎవరు ఏం చేయాలో మాత్రం ఆ లేఖలో ఎక్కడా ఉండదు.

అర్జీ అయితే ఒక అధికారి చదువుతాడు. బహిరంగ లేఖ పైన కలెక్టరు పేరున్నా, దాన్ని చదివేది ఊరు. ఊళ్లో మన పక్షాన ఉన్నవాళ్లను ఒప్పించనక్కర్లేదు, మనమంటే గిట్టనివాళ్లు ఎలాగూ ఒప్పుకోరు. మిగిలింది ఎటూ తేల్చుకోని మనిషి. మన ఊళ్లో ఆ మనిషి చాలాసార్లు పక్కింటి ఒడియా ఆయన, లేదా సంతకు వచ్చే సవర రైతు. వాళ్లు చదివి, "ఇందులో తప్పేముంది, నేనూ సంతకం పెడతాను" అనాలి. ఆ మాట అనిపించలేని లేఖ మనవాళ్ల చేత చప్పట్లు కొట్టించుకుంటుంది, అంతే.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక ప్రాథమిక పాఠశాలలో తెలుగు చెప్పే మాస్టారు రిటైరయ్యారు. ఆ పోస్టు ఖాళీగానే ఉంది. "ఒడిశాలో తెలుగును చంపేస్తున్నారు" అని రాస్తే పక్కింటి ఆయన చదవడం అక్కడే ఆపేస్తాడు, తనను హంతకుడన్నట్టు ఉంటుంది కదా. "ఈ బడిలో రెండో తరగతి పిల్లలకు జూలై నుంచి పాఠం చెప్పేవారు లేరు" అని రాస్తే ఏ భాష తల్లి అయినా తరువాతి వాక్యం చదువుతుంది.

నేనైతే రాయడం చివరి నుంచి మొదలుపెట్టమంటాను. ముందు కోరిక రాయండి. "తెలుగును కాపాడండి" అన్నది ఏ అధికారీ ఫైలు మీద రాయగల ఉత్తర్వు కాదు. "కొత్త నియామకం జరిగే వరకు మరో బడి నుంచి డిప్యుటేషన్ మీద ఒక తెలుగు ఉపాధ్యాయుణ్ణి పంపండి, దసరా సెలవుల లోపల పంపండి" అన్నది రాయగలిగినది. ఆ పని కలెక్టరు చేతిలో ఉందా, జిల్లా విద్యాధికారి చేతిలో ఉందా, భువనేశ్వర్‌లో తేలాలా అన్నది కూడా ముందే కనుక్కోవాలి. చేతిలో లేని పని అడిగితే ఆయనకు తప్పించుకునే దారి మనమే చూపించినట్టు.

ఇక ఆధారాలు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, పిల్లలెందరు, ఈ మూడూ అడగండి. మన లెక్కను వాళ్లు కాదనవచ్చు, వాళ్ల కాగితాన్ని వాళ్లు కాదనలేరు. ఈ విద్యలో మన ఊరి పెద్దాయనే గురువు. గిడుగు రామమూర్తి ఇక్కడే ఉపాధ్యాయుడిగా పనిచేశారు. వ్యావహారిక భాష కోసం పండితులతో వాదించినప్పుడు ఆయన తన ఇష్టాన్ని ముందు పెట్టలేదు. పాత గ్రంథాల్లోని వచనం నుంచే వాడుక రూపాలు ఏరి "గద్య చింతామణి"లో చూపించారు. గ్రాంథికం రాయాలన్న పండితుల గ్రాంథికంలోనే తప్పులు పట్టారు. ప్రత్యర్థి ఇంటి బీరువాలోంచి తీసిన సాక్ష్యానికి జవాబు చెప్పడం కష్టం.

చట్టాలు దొరికాయి కదా అని అన్నీ గుప్పించకండి. రాజ్యాంగం 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించమంటుంది. తరగతిలో 10 మంది లేదా బడిలో 40 మంది ఉంటే ఆ భాష ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలన్న సూత్రం 1949 నుంచి ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల్లో 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. మన ఉదాహరణ బడిలో ఒక్కరే మిగిలి ఉంటే నేను ఈ చివరిదాన్నే ముందు పెడతాను. అది ఏ భాషకూ చెందిన సూత్రం కాదు, పొరుగువాడు వెంటనే ఒప్పుకుంటాడు. 350ఎ దాని వెనక రావాలి.

స్వరం గురించి ఒక పాత లేఖ. 1930 మార్చి 2న, ఉప్పు సత్యాగ్రహానికి ముందు, గాంధీ వైస్రాయి ఇర్విన్‌కు రాసినది. సంబోధన "ప్రియ మిత్రమా". మనిషిగా మీరంటే గౌరవమే అంటూనే ఆయన జీతం లెక్క తీశారు: నెలకు 21,000 రూపాయలు, అంటే రోజుకు 700 పైన, సగటు భారతీయుడి ఆదాయం రోజుకు రెండణాల లోపు. ఇర్విన్‌ను తిట్టలేదు, ఆ లెక్క చాలు. మార్చి 11 అని గడువు కూడా చెప్పారు.

ఇప్పుడు చేదు సంగతి. ఆ అధికారి మన లేఖ చదివి ఒకటే అడుగుతాడు: "ఈ బడిలో పిల్లలు తగ్గిపోతున్నారు, మీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు?" ఇంగ్లీషు బడికి పిల్లల్ని పంపే పెద్దమనుషుల సంతకాలు మొదటి వరుసలో ఉంటే లేఖ పని అక్కడితో సరి. ఆ ప్రశ్న ఆయన అడిగేలోపు మనమే రాయాలి. "పిల్లలు తగ్గిన మాట నిజం. మాస్టారు లేని బడికి ఎవరు పంపుతారు?" అని. మొదటి సంతకాలు ఆ బడి పిల్లల తల్లిదండ్రులవి. వేలిముద్రలైనా సరే. సంఘాల అధ్యక్షులు కింద ఉంటారు, కోపం వస్తే రానివ్వండి.

ఏ భాషలో రాయాలి? ఇక్కడ నా మీద విరుచుకుపడేవారు ఉంటారని తెలుసు. 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా వినతి ఇవ్వవచ్చు. కాబట్టి తెలుగులో ఇచ్చే హక్కు ఉంది. కానీ హక్కు చూపించడం వేరు, ఒప్పించడం వేరు. నా సలహా, పైన ఒడియా, కింద తెలుగు. ఒడియా భాగాన్ని మన తెలుగులోంచి మాటకు మాట దించకండి. విషయం చెప్పి ఒక ఒడియా మిత్రుడి చేత రాయించండి. ఎక్కడ మన మాట అతనికి గుచ్చుకుందో అక్కడే తెలిసిపోతుంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి ఈ ఊరు అందులో చేరినప్పుడు గిడుగువారు ఈ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆ పట్టుదలకు దండం. ఇక్కడే ఉండిపోయినవాళ్లకు మాత్రం పక్కింటి సంతకం కావాలి.

లేఖ ఒక పేజీ దాటనివ్వకండి. కార్యాలయంలో ఇచ్చినప్పుడు నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ తరువాతే ఊళ్లో అతికించండి, పత్రికకు పంపండి. ముందు పత్రికలో చూసిన అధికారి మొండికేస్తాడు. జవాబు వస్తే, అది మనకు నచ్చకపోయినా, లేఖ అతికించిన గోడ మీదే పూర్తిగా అతికించండి. రాకపోతే, మీరు పెట్టిన గడువు దాటిన మర్నాడు అదే కోరికతో, అవే సంతకాలతో రెండో లేఖ వెళ్లాలి. అందులో కొత్తగా చేర్చవలసింది మొదటి లేఖ తేదీ ఒక్కటే.