పాడుబడ్డ గోడల బొమ్మలకు వాటర్‌కలర్ కిట్: రంగులు బంగారం, ఆ స్టెన్సిల్ మాత్రం...

అందరికీ నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ డబ్బా నేను కొన్నది కాదు, కంపెనీవాళ్ళు ఉచితంగా పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో పెట్టేముందు ఒకసారి మాకు చూపించండి అని కూడా అడగలేదు. అడిగుంటే వాళ్ళకే మంచిదేమో, ఎందుకంటే ఇందులో ఒక వస్తువు మీద నాకు పీకలదాకా కోపం ఉంది. పేరు నేను పలకను, కింద డిస్క్రిప్షన్‌లో ఉంది.

ఎన్ని ట్యూబులు, ఎన్ని మిల్లీలీటర్లు, అవన్నీ ఇప్పటికే వేరే వీడియోల్లో చూసేసి ఉంటారు. శిథిలాల బొమ్మల కోసం అని ప్రత్యేకంగా చేసిన సెట్ ఇది. ఎనిమిది రంగులు, ఒక పేపర్ ప్యాడ్, బొమ్మకు గరుకు తెచ్చే టెక్స్‌చర్ పేస్టు ఒకటి, ఇదిగో... ఈ ప్లాస్టిక్ ముక్క. దీని సంగతి తర్వాత.

ముందు రంగులు. ఈ ఎనిమిదీ గ్రాన్యులేటింగ్ రంగులు, అంటే నీళ్ళలో కలిపి కాగితం మీద వేస్తే రంగు పొడి సన్నటి రేణువుల్లా విడిపోయి కాగితం గరుకులో ఉన్న పల్లాల్లోకి దిగి కూర్చుంటుంది. ఇది కొత్త విద్యేమీ కాదండీ, అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెన్నా కలిపి బాగా నీళ్ళు పోసి వదిలేయండి, ఆరేసరికి ఒకచోట నీలంగా, ఒకచోట ఇటుక రంగుగా విరిగిన బూడిదరంగు వస్తుంది. వీళ్ళు అదే పనిని ఇంకాస్త ముదర చేశారు. చూడండి, దగ్గరగా పెడుతున్నా. ఇక్కడ నేను బ్రష్‌తో ఏమీ చేయలేదు. ఒక్క వాష్, అంటే నీళ్ళగా కలిపిన రంగు పూత వేసి, ప్యాడ్‌ని కాస్త వంచి పట్టుకున్నానంతే. వానకు నానిన గోడ దానంతట అదే వచ్చేసింది!

నాకిది ఎందుకంత నచ్చిందో చెప్పాలంటే మా అమ్మమ్మగారి ఇంటి గురించి చెప్పాలి. కోనసీమలో మండువా ఇల్లు. మధ్యలో మండువా, చుట్టూ వసారా, టేకు స్తంభాలు, పైన పెంకులు. అమ్మమ్మ పోయాక తాళం పడింది. వాటాలు తేలలేదు, ఒకళ్ళు హైదరాబాదులో, ఒకళ్ళు డాలస్‌లో, ఎవరూ రారు, ఎవరూ అమ్మరు. ఏడాదికోసారి వెళ్ళి ఎదురింటి అరుగు మీద కూర్చుని దాన్ని గీస్తుంటాను. ఈసారి మావయ్య వచ్చి వెనక నుంచుని కాసేపు చూసి, "ఏమ్మా, పడిపోయే ఇంటికి బొమ్మలెందుకు, ఆ రంగులకయ్యే డబ్బులతో రెండు బస్తాల సిమెంటు పంపించొచ్చుగా" అన్నారు.

ఆ సిమెంటేనండీ అసలు గొడవ. ఆ గోడలు డంగు సున్నంవి. సున్నం, ఇసుక గానుగలో నూరి, బెల్లం నీళ్ళు, కరక్కాయ పోసి కట్టేవారు అప్పట్లో. అలాంటి గోడ చెమ్మ పీల్చుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది. కొన్నేళ్ళ కింద ఎవరో వీధివైపు పెచ్చులూడినచోట సిమెంటు మెత్తించారు. లోపలి చెమ్మకు బయటికొచ్చే దారి లేక పక్కకు పాకి, ఆ సిమెంటు అతుకు చుట్టూ ఉన్న సున్నమంతా ఊడిపోయింది. అతుకు మాత్రం మధ్యలో చెక్కుచెదరకుండా, నున్నగా, బూడిదరంగులో అలా ఉంది. మూడేళ్ళుగా ఆ అతుకును గీయాలని చూస్తున్నా, కుదరలేదు. గోడంతా ఒకే తరహా రంగులతో వేస్తుంటే రెండింటికీ తేడా తెలిసేది కాదు. ఈసారి సున్నం గోడకు ఈ రేణువుల రంగులు వేశా, అతుక్కి నా పాత డబ్బాలోంచి థాలో నీలం తీసి కాస్త గోధుమరంగు కలిపి వేశా. థాలోకి రేణువు ఉండదు, కాగితాన్ని పట్టుకుని ఒకే మట్టంగా పరుచుకుంటుంది. పక్కపక్కన పెట్టగానే... ఇదిగో, కనిపిస్తోందా? ఇది ఊపిరి పీల్చే గోడ, ఇది ఊపిరాడని ముక్క. మావయ్యకు చూపిస్తే "ఆఁ, అదే సిమెంటు" అన్నారు. నాకు అంతకన్నా రివ్యూ అక్కర్లేదు.

ఒక్క చిక్కేమిటంటే, అక్కడి గాలిలో తేమకు ఒక్కో వాష్ ఆరడానికి అరగంట పట్టింది. రంగుల తప్పు కాదులెండి.

సరే, ఇప్పుడు కోపం. ఈ ప్లాస్టిక్ ముక్క పేరు క్రాక్ స్టెన్సిల్. బొమ్మలోని గోడ మీద పెట్టి, పైన పేస్టు రాసి, తీసేస్తే పగుళ్ళు వచ్చేస్తాయట! అరే, పగులంటే డిజైనా? గోడ ఊరికే బీటలు వారదండీ. పునాది ఒకవైపు కుంగితే కిటికీ మూల దగ్గర మొదలై ఏటవాలుగా పైకి పాకుతుంది, ఎందుకంటే గోడలో బలహీనమైన చోటు ఆ మూలే. పిట్ట వేసిన రావి గింజ మొలిస్తే దాని వేరు ఇటుకల మధ్య సందు వెతుక్కుంటూ మెట్లు మెట్లుగా దిగుతుంది. నేలలోంచి ఎక్కే చెమ్మ నడుమెత్తు దాకా వచ్చి ఆగుతుంది, ఆగినచోట చౌడు తెల్లగా గీత గీస్తుంది. పైన తూము విరిగితే నల్లటి చార సరిగ్గా దాని కిందే ఉంటుంది, పక్కన ఉండదు. ప్రతి మరకకూ ఒక కారణం ఉంటుంది, అది కనిపెట్టడంలోనే కదా సరదా అంతా. వీళ్ళ స్టెన్సిల్‌లో పగులు ఎలా ఉందంటే, మధ్యలో సాలెగూడులా మొదలై నాలుగువైపులా పోతుంది. అది కారు అద్దం మీద రాయి పడితే వచ్చే పగులు! గోడకు ఎప్పుడు చూశారు అలా?

నేనూ ఇలాంటివి కొనని మనిషినేం కాదు. ఇంతకుముందు బొమ్మలో పగుళ్ళు తేలేలా చేసే మీడియం (పూత లాంటిది) ఒకటి కొని, నాలుగు బొమ్మలు వేశాక చూసుకుంటే నాలుగూ ఒకేలా ఉన్నాయి. అందుకే ఈ మంట.

ఊహించి గీయకూడదు అనట్లేదు. ఫ్రాన్స్‌లో హ్యూబర్ట్ రాబర్ట్ అని, 18వ శతాబ్దం చిత్రకారుడు, శిథిలాలు గీయడంలో చేయి తిరిగినవాడు. 1796లో లూవ్ర మ్యూజియంలోని పెద్ద గ్యాలరీ పాడుబడితే ఎలా ఉంటుందో ఊహించి గీశాడు. అప్పటికి అది నిక్షేపంగా ఉంది, పైగా ఆ మ్యూజియం పనుల్లో ఆయనకూ భాగముంది! అందులో పైకప్పు కూలింది, ఆకాశం కనిపిస్తోంది, రాళ్ళ మధ్య ఒకడు తాపీగా కూర్చుని విగ్రహాన్ని చూసి బొమ్మ గీస్తున్నాడు. అంతా కల్పనే, అయినా నమ్ముతాం. కప్పు కూలితే వెలుగు ఎటునుంచి పడుతుందో ఆయనకు తెలుసు కాబట్టి.

మళ్ళీ పక్కకు వెళ్ళిపోయా. పేపర్ ప్యాడ్ సంగతి, పల్చగా ఉంది, రెండో వాష్‌కే అప్పడంలా లేచింది. ఈ రంగులకు 300 జీఎస్ఎమ్ కాటన్, కోల్డ్ ప్రెస్ కాగితం, అంటే మందంగా, పైన గరుకుగా ఉండేది కావాలి, నున్నటి కాగితం మీద రేణువులు కూర్చోవడానికి పల్లాలే ఉండవు. రంగులకు అంత కష్టపడి ఈ కాగితం ఎందుకు పెట్టారో వాళ్ళకే తెలియాలి. టెక్స్‌చర్ పేస్టు ఒకసారి వాడా, మూత పెట్టేశా.

బందరు కోటకు కూడా తీసుకెళ్ళా ఈ సెట్. 1864 ఉప్పెన 30 వేల మందిని పొట్టన పెట్టుకున్న ఊరు అది. ఆ సముద్రపు గాలికి మిగిలిన ఇటుకలు చూడాలి, అంచులు అరిగి జల్లెడలా అయిపోయాయి. తడి వాష్ మీద రెండు చిటికెలు కల్లుప్పు చల్లితే రంగును లాగేసుకుని తెల్లటి మచ్చలు చేస్తుంది, ఉప్పు తిన్న ఇటుకను ఉప్పుతోనే గీయడం భలేగా ఉంది. ఆరాక ఉప్పు దులిపేయండి, మర్చిపోతే వానాకాలంలో బొమ్మకే చెమ్మ పడుతుంది. ఒకటి మర్చిపోయా నేను, అందుకే చెప్తున్నా. ఇంకోటి, ఇలాంటిచోట్ల బయట కూర్చునే గీయండి, కూలే కప్పుల కిందకు వెళ్ళకండి, పాములు కూడా ఉంటాయి.

కొనాలా అంటే, ఈ ధరకు సెట్ మొత్తం వద్దు. ట్యూబులు విడిగా అమ్మితే ఆ ముదురు గోధుమ, బూడిద నీలం రెండూ కళ్ళు మూసుకుని కొనేయండి, నేనూ కొంటా, నా డబ్బులతోనే. తుప్పు అని పేరు పెట్టిన నారింజ రంగు మాత్రం నాకక్కర్లేదు, బర్న్ట్ సియెన్నా మనింట్లోనే ఉంది.

స్టెన్సిల్ అంటారా, మా అక్క కొడుకు తీసుకున్నాడు. రాక్షసబల్లి వెనక మెరుపులు వేశాడు దాంతో. బాగానే వచ్చాయి.