శనివారందాకా మిగిలిపోయిన కుర్రాళ్లు

అందరికీ నమస్కారం. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కుని అమెరికన్ ఫుట్‌బాల్ గోల మనకెందుకులే అనుకుంటే కుదరదు. డాలస్ కౌబాయ్స్ జట్టు ప్రాక్టీసు చేసేది మన ఊళ్లోనే. పిల్లలు నవ్వుకోకుండా ఉండాలంటే డ్రాఫ్ట్ సంగతి కాస్తయినా తెలియాలి.

ఏటా ఏప్రిల్ నెలాఖర్లో NFL అనే ప్రొఫెషనల్ లీగ్‌లోని 32 జట్లు 7 రౌండ్లలో కాలేజీ ఆటగాళ్లను ఎంచుకుంటాయి, అదే డ్రాఫ్ట్. ఎంసెట్ కౌన్సెలింగ్‌ను తిరగేసినట్టు ఉంటుంది. ఇక్కడ ఆప్షన్లు పెట్టేది జట్లు. గురువారం మొదటి రౌండ్, శుక్రవారం రెండూ మూడూ, మిగతా నాలుగూ శనివారం. గురువారం హడావిడంతా సూట్లదీ కెమెరాలదీ. నాకు మాత్రం శనివారమే ఇష్టం.

శనివారందాకా మిగిలిన ప్రతివాడికీ ఏదో ఒక వంక పెట్టి ఉంటారు. నెమ్మదిగా పరిగెడతాడని, పొట్టి అని, మోకాలికి దెబ్బ తగిలిందని, చిన్న కాలేజీ అని. ఆ వంక అబద్ధమేమీ కాదు. మన జట్టుకు అది అడ్డొస్తుందా లేదా అన్నదే తేల్చుకోవాలి.

1964 డ్రాఫ్ట్‌లో కౌబాయ్స్ చేసింది చూడండి. రోజర్ స్టాబాక్ అప్పటికే కాలేజీ ఆటలో అతిపెద్ద అవార్డు హైజ్‌మన్ గెలిచాడు. అయినా పదో రౌండ్ దాకా ఎవరూ ముట్టుకోలేదు (అప్పట్లో ఏడు కంటే ఎక్కువ రౌండ్లుండేవి). నేవల్ అకాడమీ కుర్రాడు, చదువయ్యాక నౌకాదళంలో పనిచేయాలి. కౌబాయ్స్ అప్పటికి నాలుగేళ్ల జట్టు, ఎదురుచూస్తే పోయేదేముంది? అతను 1969లో వచ్చి చేరాడు, తర్వాత రెండు సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఫైనల్స్, గెలిపించాడు. అదే డ్రాఫ్ట్‌లో ఏడో రౌండ్‌లో తీసుకున్న బాబ్ హేస్ ఆ ఏడాదే టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బంగారు పతకం కొట్టాడు. ఇద్దరూ ఇప్పుడు ఆటలో మహామహుల జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు.

బంతి విసిరి ఆట నడిపించేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. వాళ్లలో మహా గొప్పవాడు టామ్ బ్రేడీ కథ మీకు తెలిసిందే. 2000లో ఆరో రౌండ్, 199వ పేరు. 40 గజాల పరుగుకు 5.28 సెకన్లు పట్టింది, అంటే బాగా నెమ్మది. అయితే ఒక మాట. అతన్ని పట్టుకున్న పేట్రియట్స్ జట్టు కూడా అతనికి ముందు ఆరుగురిని ఎంచుకుంది. వజ్రమని తెలిస్తే అన్నిసార్లు వదిలేస్తారా?

నాకు బాగా నచ్చింది జోర్డన్ మైలాటా. సిడ్నీ కుర్రాడు, ఆడింది రగ్బీ లీగ్. 6 అడుగుల 8 అంగుళాల ఎత్తు, 346 పౌన్ల బరువు. అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. 2018లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఏడో రౌండ్‌లో, 233వ స్థానంలో తీసుకుంది. అదీ వేరే జట్టుతో బేరమాడి, కాస్త ముందుకు జరిగి మరీ! క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే లైన్‌కు అప్పటి కోచ్ జెఫ్ స్టౌట్‌ల్యాండ్ అతనికి అడుగు ఎలా వేయాలన్న దగ్గర్నుంచీ నేర్పాడు. ఓపికగా నేర్పేవాడు దొరకడం సగం బలం. ఇప్పుడు క్వార్టర్‌బ్యాక్‌కు ఎడమ వైపు కాపలా అతనిదే.

మన డాక్ ప్రెస్కాట్‌ది మరీ చిత్రం. 2016లో క్వార్టర్‌బ్యాక్ కోసం చూస్తున్న కౌబాయ్స్ కన్ను పాక్స్‌టన్ లించ్ మీద పడింది, దొరకలేదు. తర్వాత కానర్ కుక్ అనుకున్నారు, అతన్నీ వేరే జట్టు ఎగరేసుకుపోయింది. చివరికి నాలుగో రౌండ్‌లో, 135వ స్థానంలో డాక్. క్యాంపులో రిజర్వ్ క్వార్టర్‌బ్యాక్ కెలెన్ మూర్ కాలు విరిగింది, సీజన్‌కు ముందరి మ్యాచుల్లో ప్రధాన క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమోకు వెన్ను దెబ్బతింది. ఇంక మిగిలింది ఈ కొత్త కుర్రాడే. కెరీర్ మొదలయ్యాక మొదటి ఇంటర్‌సెప్షన్‌కు, అంటే తన పాసును ఎదుటి జట్టు పట్టుకునే ముందు, 176 పాసులు వేసి, బ్రేడీ పేరున ఉన్న రికార్డు దాటేశాడు. జట్టు ఆ సీజన్లో 13 గెలిచి 3 ఓడింది.

రోమోనైతే 2003లో ఏడు రౌండ్లలోనూ ఎవరూ పిలవలేదు. అంటే 2006లో రోమో వచ్చినప్పటి నుంచి ఈ ఊరి జట్టుకు ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌లు ఇద్దరూ మొదటి రౌండ్‌లో పేరు వినిపించనివాళ్లే. డ్రాఫ్ట్ లేకుండా మిగిలినవాడికి ఒక లాభం కూడా ఉంది: రమ్మన్న జట్లలో తనకు నచ్చినదాన్ని తానే ఎంచుకోవచ్చు. అందుకే ఏడో రౌండ్ చివర్లో కొందరు ఏజెంట్లు తమవాణ్ణి ఎవరూ పిలవకపోతే బాగుండని మొక్కుకుంటారు.

శనివారం ఎంపికైనవాళ్లలో చాలామంది ఎక్కువ కాలం నిలదొక్కుకోలేరు, అదీ నిజమే. ఆ లెక్కల సంగతి ప్రశ్నల్లో మాట్లాడుకుందాం. వెనక వరుసలో బాబు అప్పుడే చెయ్యెత్తాడు, అడుగు నాన్నా.